పావలా పట్టని చోటు

మాఘమాసం ఇంకా పోనేలేదు, ఈ ఇనప గూట్లో మాత్రం అప్పుడే రోహిణి కార్తె వచ్చి కూర్చుంది. పైన రేకు, పక్కన రేకు, వెనక రేకు. ముందు మాత్రం మనిషి వంగి దూరేంత సందు, ఆ సందుకి అడ్డంగా జెండాలు పట్టే ఇమాం సాహెబ్ వీపు. సున్నపురాయి క్వారీలో మొదటి సైరన్ కూసిందంటే ఎక్కడి వాళ్ళక్కడ ఇలాంటి గూళ్ళలో దూరాల్సిందే. రెండో సైరన్‌కి పేలుడు మందుకి నిప్పు పెడతారు. మూడోది కూసేదాకా ఎంత మొనగాడైనా బయట కాలు పెట్టడానికి లేదు. సుబ్బరత్నానికి మామూలుగా ఈ గొడవలేవీ పట్టవు. ఆమె బల్ల ముందు కూర్చుని పటాలు గీసే మనిషి, దాచేపల్లి దగ్గర కంపెనీ ఆఫీసులో ట్రేసరు. కొత్త పటం కాపీ మీద మేనేజరు సంతకం కావాలి, ఆయనేమో క్వారీలో ఉన్నాడన్నారు, పటాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని తగుదునమ్మా అని బయల్దేరి వచ్చింది. ఆమె ఇటు రావడం, ఆయన జీపెక్కి అటు పోవడం, సైరన్ కూయడం మూడూ ఒక్కసారే అయ్యాయి. రాళ్ళు కొట్టే ఆరోగ్యమ్మ రెక్క పుచ్చుకుని లాక్కొచ్చి ఇందులో కుదేసింది. "తల లోపలికి పెట్టుకో ట్రేసరమ్మా. పోయినేడు ఒకడు బీడీ ముట్టించుకోను తల బయట పెట్టాడు. ఇప్పుడు బీడీ కరుచుకోను వాడికి పళ్ళు లేవు," అని తనే పకపకా నవ్వింది. రత్నానికి నవ్వు రాలేదు.

ఇరుకంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ హడలు. శావల్యాపురంలో వాళ్ళింటికీ పక్కింటికీ మధ్య ఒక సందుండేది. సందని పేరే గానీ పిల్లి కూడా ఆలోచించి దూరేది. కోడిపెట్ట అందులో గుడ్లు పెడుతోందని కనిపెట్టి పక్కకి తిరిగి దూరింది, అప్పటికి ఒకటో తరగతో రెండో. వెళ్ళడం వెళ్ళింది గానీ రావడం చేతకాలేదు. ముక్కు ముందు గోడ, వీపు వెనక గోడ, తల తిప్పుదామంటే చెవి గీరుకుపోతోంది. ఏడిస్తే ఏడుపు పైకి పోతోందే తప్ప వీధిలోకి పోవడం లేదు. వీధిలో అంతా ఆమె కోసమే వెతుకుతున్నారు, బావి దగ్గర, బడి దగ్గర, ఎడ్లకొట్టంలో. ఆ సందులో మనిషి ఉంటుందని ఎవరికి తోస్తుంది, అదొక చోటయితే గదా! పక్కింటి పెద్దమ్మ గోడకి పిడకలు కొడుతూ చెవి ఆనించబట్టి సరిపోయింది. నాన్న తాపీ మేస్త్రీ, పరుగున వచ్చి నాలుగు రాళ్ళు ఊడబెరికి బయటికి లాగాడు. కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఆ సందు రెండు వైపులా రాయి పెట్టి మూసేశాడు. సందు కనపడితే ఆయనకి చేతులు ఊరుకోవు. నాపరాళ్ళు పరిచాడంటే రాయికీ రాయికీ మధ్య చీమ దూరడానికి వీల్లేదు, "సందు కనపడిందంటే అది పనే కాదు రత్తమ్మా" అనేవాడు. ఆ మాటే పట్టుకుని నరసరావుపేటలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరింది, గీతకీ గీతకీ సందు లేకుండా గీసి మాస్టర్లందరి చేతా మెప్పులు పొందింది. ఎంత మెప్పు! ఇప్పుడు తలుచుకుంటే చేతులు కొట్టుకోవాలనిపిస్తోంది, ఎందుకనిపిస్తోందో ఇంకా తెలియదు, చెమట మాత్రం మెడ మీంచి జారుతోంది, ఇమాం సాహెబ్ వీపు కదలడం లేదు.

ఒళ్ళో పటం, కొత్తగా తీసిన ప్రింటు గదా, అమ్మోనియా వాసన కొడుతోంది. ఇంజనీరు ధనుంజయరావు గారు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆఫీసులో ఒకటే జపం, కంప్యూటరు. హెడ్డాఫీసులో పెట్టారట, దాని గది చల్లగా ఉండాలట, చెప్పులు బయట విప్పి వెళ్ళాలట. దేవుడు కొత్తవాడైనా మడి మాత్రం మా బాగా పట్టింపు. సర్వే నంబర్ల పటాలు వేటికవి గీసి అతికిస్తే వాటి మధ్య వెంట్రుకవాసి చీలికలు మిగులుతాయి గదా, ఎక్కడ చీలిక ఉంటే అక్కడ ఆ యంత్రం మొరాయిస్తోందట, ఇది ఒక భూమా రెండు భూములా అని. "ఇలా చెయ్యండి సుబ్బరత్నంగారూ," అన్నాడాయన. ఆఫీసులో తనని గారూ అన్న మొదటి మనిషి ఆయనే, పాపం మంచివాడు. "కంపెనీ హద్దు మొత్తాన్ని చుట్టూతా పది మీటర్లు బయటికి జరపండి. అలా జరిపితే చీలికలన్నీ అటొడ్డూ ఇటొడ్డూ తగిలి అతుక్కుపోతాయి. తర్వాత మళ్ళీ అదే పది మీటర్లు లోపలికి లాగండి. ఆకారం ఎప్పటిలా వచ్చేస్తుంది, అతుక్కున్న చీలికలు మాత్రం ఇక విచ్చుకోవు." ఎంత తేలిగ్గా చెప్పాడు! రెండు గీతలు గీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఆలోచించి ఆలోచించి రత్నం ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ పటం స్కేలు లెక్కలో పావలా బిళ్ళ వెడల్పు దాదాపు ఇరవై మీటర్లు. బిళ్ళని హద్దుకి బయట ఆనించి దొర్లించుకుంటూ పోతే చాలు, అది దూరగలిగిన వంపు వంపుగానే ఉంటుంది, అది దూరలేని చీలిక మూసుకుపోతుంది. రెండు గీతల పని ఒక్క బిళ్ళతో తీరిపోయింది. ధనుంజయరావు గారు చూసి ఎగిరి గంతేశాడు, శభాష్ అన్నాడు, వచ్చే నెలలో పర్మినెంట్ ఆర్డరు తెప్పిస్తానన్నాడు. ఆ రాత్రి నాన్నకి చెప్పాలని ఎంత ఉబలాటపడింది, ఆయన బతికుంటే గదా చెప్పడానికి.

బిళ్ళ దొర్లుతూ దొర్లుతూ ఒక్కచోట ఆగింది. ఆగింది, ఎవరూ చూడకపోయినా తను చూసింది. కంపెనీ భూమికి ఉత్తరాన రెండు ముక్కల మధ్య సన్నగా, పొడుగ్గా, బండ్లు పోయే డొంక దగ్గర మొదలై వాగుదాకా పోయే చీలిక. అది అతుకు చీలిక కాదు, కొండమ్మ చేను. ఇక్కడి వాళ్ళకి భూమి పంచుకోవడం ఒక్కటే తెలుసు, అన్నదమ్ములు ఎంతమందైతే అన్ని నిలువు చీలికలు, ప్రతివాడి చేనూ వాగు నీళ్ళకి తగలాల్సిందే, ఎంత సన్నగా అయినా సరే. అలా ముగ్గురన్నదమ్ములు చీల్చుకున్నారు. పెదకోటయ్య, చిన్నకోటయ్య తమ తమ ముక్కలు కంపెనీకి అమ్మేసి ఊళ్ళో మేడలు కట్టారు. నడిమివాడు పోయాడు, అతని పెళ్ళాం కొండమ్మ అమ్మనంది. ఒకసారి సర్వే గొలుసు పట్టేవాళ్ళతో కొలతలకి వెళ్ళినప్పుడు రత్నం ఆమెను చూసింది. గుడిసె ముందు నులక మంచం అల్లుకుంటోంది, పలకరింపూ పాడూ లేదు, "ఇదిగో ఈ కొస గట్టిగా పట్టుకో" అని నులక చేతికిచ్చింది. ఎందుకమ్మలేదని అడిగితే, ఆమెకి చెవుడు, ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి పోయాయి చెవులు, మళ్ళీ గట్టిగా అరిచి అడిగితే, "అమ్మి? ఆ బావ మేడ మెట్ల కింద ఒక నెలా ఈ మరిది మేడ మెట్ల కింద ఒక నెలా పడుకోనా? సన్నదైతేనేం, కాళ్ళు చాపుకోను సరిపోద్ది," అంది. నులక లాగి లాగి రత్నం అరచేతులు ఎర్రబడ్డాయి. ఆ చేతులతోనే బిళ్ళని ఆ చీలిక మూతి దగ్గర కాసేపు ఆపింది. దూరదు. పావలా పట్టని చోటు. ధనుంజయరావు గారు చెప్పాడుగా సన్నవన్నీ పోతాయని, మినహాయింపులు చెప్పలేదుగా, అడిగితే ఇంత చిన్న విషయానికా అనుకుంటాడేమో, ఆర్డరు వచ్చాక అడగొచ్చులే. బిళ్ళ అటొడ్డు నుంచి ఇటొడ్డుకి దాటింది. గీత చక్కగా వచ్చింది. ఆ ప్రింట్లే ఇప్పుడు కంపెనీలో అన్ని గోడలకీ ఎక్కాయి, మందు పేల్చే శేషగిరిరావు గది గోడక్కూడా. కాగితం మీద మూస్తే మూశాం, చేను అక్కడే ఉంటుంది, కాగితానికేం, రేపు సరిదిద్దొచ్చు. ఇన్నాళ్ళూ ఆమె నిద్రపోయింది ఈ మాట మీదే.

"ఇంతసేపేంది ఇయ్యాళ?" అంది ఆరోగ్యమ్మ, కొంగుతో విసురుకుంటూ. ఇమాం సాహెబ్ వెనక్కి తిరక్కుండానే, "ఉత్తరం పక్క కొత్త రాతి ముఖం గదా. చానా బొరియలు కొట్టారు, మందు కూరేసరికి ఆలస్యమైద్ది," అన్నాడు. ఉత్తరం పక్క. ఉత్తరం పక్క అంటే... రత్నం చూపు ఆ వీపు మీద ఆగిపోయింది. తెల్ల బనీను మీద చెమట మరకలు, చంకలో చుట్టి పెట్టుకున్న రెండు జెండాలు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. ఉత్తరం పక్క మందు పెడితే ఈ మనిషి ఇక్కడున్నాడేంటి? ఆ పక్క జెండా ఈయనదే గదా. పాత పటంలో కొండమ్మ చేను దగ్గర ఎర్రచుక్క పెట్టింది తన చేతులతోనే, ఇమాం సాహెబ్ జెండా అని పక్కన రాసింది కూడా. కొండమ్మకి సైరన్ వినపడదు కాబట్టి ప్రతిసారీ ఈయనే వెళ్ళి, భుజం తట్టి, డొంక అవతలికి తీసుకుపోయి, అప్పుడు పచ్చజెండా ఎత్తేవాడు. ఏ పక్క ఎర్రజెండా లేచి ఉన్నా శేషగిరిరావు నిప్పు పెట్టడు, అది క్వారీలో అందరికీ తెలిసిన కట్టుబాటు. "ఇమాం సాహెబ్, నువ్వు ఉత్తరం పక్క లేవేం?" అంది. "పోయిన వారం నుంచీ ఈ గూడు దగ్గరేశారమ్మా. కొత్త పటంలో అక్కడ నా జెండా లేదుగా. అదేందయ్యా కొండమ్మ చేనుందిగా అని శేషగిరిరావు గారినడిగా. పటం చూపెట్టి, ఏదీ ఎక్కడుందో చూపెట్టు, అంతా కంపెనీదే అన్నారు. నిజమేనమ్మా, లేదు. అయితే ఆమె కూడా అమ్మేసిందిలే అనుకున్నా. మంచి రేటే వచ్చుంటది పాపం." అని మళ్ళీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గుండె జారి ఎక్కడో పడింది. పడిన చప్పుడు కూడా వినిపించినట్టుంది, ఈ రేకుల్లో ప్రతిదీ మోగుతుంది. చెప్పు. నోరు తెరిచి చెప్పు, అది అమ్మలేదు, నేను మూశాను అని చెప్పు. నోరు తెరుచుకోదు. తేలు కుట్టిన దొంగ అంటే ఏమిటో ఇన్నాళ్ళూ సామెతగానే తెలుసు. చెబితే శేషగిరిరావుకి తెలుస్తుంది, ఆయన మేనేజరుకి చెబుతాడు, ధనుంజయరావు గారు ఆ మంచి ముఖం పెట్టుకుని, మీకు తెలిసీ ఎందుకు మూశారు సుబ్బరత్నంగారూ అంటాడు, ఆ గారూ ఎంత మెల్లగా అంటాడో ఇప్పుడే వినిపిస్తోంది. పర్మినెంటు మాట దేవుడెరుగు, ఉన్నది ఊడుతుంది. అమ్మకి ఏం చెప్పాలి? ఆడపిల్లకి ఆఫీసు ఉద్యోగమేమిటన్న మేనమామలకి ఏం చెప్పాలి? అయినా కొండమ్మ ఇవాళ చేలో లేదేమో. సంతకి పోయి ఉండొచ్చు. నాదెండ్లలో చెల్లెలుందని చెప్పింది గదా, అక్కడికి పోయి ఉండొచ్చు. ఎండకి గుడిసెలో పడుకుని ఉండొచ్చు. గుడిసెలో అయితే మాత్రం? తాటాకు మీద తలకాయంత రాయి పడితే తాటాకేం ఆపుతుంది! లేదు లేదు, నిప్పు పెట్టేముందు శేషగిరిరావు మట్టిగుట్టెక్కి చుట్టూ చూస్తాడు, మనిషి కనపడదా? మిరపచేలో వంగి కాయలు కోసే మనిషి గుట్ట మీంచి ఏం కనపడుతుంది, చూడకూడదనుకున్న చోట ఎవరైనా చూస్తారా? ఆ రోజు వీధంతా వెతికారు, సందులో ఎవరు చూశారు! ముక్కు ముందు గోడ. వీపు వెనక గోడ. చెప్తే ఒక గొయ్యి, చెప్పకపోతే ఇంకో గొయ్యి, పోకచెక్క అడకత్తెరలో పడితే దానికి మాత్రం ఏం దారుంటుంది. ఇంకెవరికైనా గుర్తొస్తే బాగుండు. ఇమాం సాహెబ్‌కే అనుమానమొస్తే బాగుండు, తను నోరు విప్పే పని లేకుండా ఆయనే లేచి పోతే బాగుండు. ఛీ, ఎంత పాడు బుద్ధి. గాలి లేదు. చేతిలో పటం చెమటకి మెత్తబడి నలిగిపోతోంది, సంతకం కావాల్సిన పటం, నలగకూడదు, నలిగితే ఏం, నలగనీ.

"అమ్మేసిందా?" అంది ఆరోగ్యమ్మ ఉన్నట్టుండి. "ఎవురు, కొండమ్మా? ఎవురు చెప్పారు నీకు? పొద్దున పనికొచ్చేప్పుడు చూశాను, చేలో మిరపకాయలు కోసుకుంటంది. గంపెడు కాయ. ఏంది పిన్నమ్మా ఒక్కదానివే అంటే, కూలోళ్ళు రావట్లేదు, పొద్దుగూకిందాకా కోసుకుంటానంది."

ఇమాం సాహెబ్ మెడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "అమ్మలేదా?" అన్నాడు, అడిగింది ఆరోగ్యమ్మనే గానీ చూసింది రత్నం ఒళ్ళో ఉన్న పటం వంక. "అమ్మలేదు," అంది రత్నం. అంతే, అదొక్కటే మాట, అది బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. "అమ్మలేదు సాహెబ్, పటం తప్పు, జెండా ఇటివ్వు." ఆయన లేవబోయాడు. మోకాళ్ళు అరిగిన మనిషి, రేకు పట్టుకుని సగం లేచేసరికే ఆయాసం. "నువ్వు పోకూడదమ్మా, గూట్లో వాళ్ళని బయటికి వదిలితే నా ఉద్యోగం..." అని చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టిన చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత దానంతటదే కిందికి వాలింది. ఎర్రజెండా ఆమె చేతిలో ఉంది. తను లాక్కుందో ఆయనే ఇచ్చాడో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. పటం అక్కడే పడిపోయింది.

ఎండ ముఖం మీద చాచి కొట్టినట్టు తగిలింది. క్వారీ అంతా చచ్చినట్టు పడి ఉంది, డ్రిల్లింగు మిషన్లు ఆగిపోయాయి, లారీలు ఆగిపోయాయి, తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. చెప్పులు విడిచేసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది, ఎవరు చూస్తారని, ఎవరైనా చూస్తే అంతకన్నా కావలసిందేముంది, చూడండిరా బాబూ, ఎవరో ఒకరు ఇటు చూడండి! జెండా ఎత్తి పరుగెడుతోంది. మట్టిగుట్ట చుట్టూ తిరిగి పోవాలి, పటంలో అయితే వేలెడు దూరం, ఇక్కడ గులకరాళ్ళ మీద కాళ్ళు కోసుకుపోతున్నాయి, ఎంత పోయినా తరగదు. ఎడమ పక్క రాతి ముఖం, దాని నిండా బొరియలు, ప్రతి బొరియలోంచీ వేలాడే వైరు. కుడి పక్క పెదకోటయ్య అమ్మిన ముక్క, బీడు. ఆ తర్వాత నాపరాళ్ళు నిలబెట్టిన హద్దు గెట్టు. గెట్టు దాటి దూకింది. ఎర్రగా, పచ్చగా, నిండుగా మిరపచేను, ఎన్ని కాయలో. ఎంత వెడల్పు! పావలా పట్టదనుకున్న చోట ఎన్ని సాళ్ళున్నాయి, ఎంత మట్టి ఉంది, ఒక మనిషి తిరగడానికి ఎంత చోటుంది! ఆ సాళ్ళ మధ్య ముసుగు వేసుకున్నట్టు కొంగు తలకి చుట్టుకుని, వీపు ఇటు తిప్పి, కొండమ్మ కాయలు కోసుకుంటోంది.

అప్పుడే రెండో సైరన్ మొదలైంది. కూత లేచింది, లేచింది, రత్నం రెండు చేతులతో జెండా తలపైకి ఎత్తి కళ్ళు గట్టిగా మూసుకుంది. నాన్న రాళ్ళు ఊడబెరుకుతున్నాడు. రాయికీ రాయికీ మధ్య వెలుతురు. కూత సగంలో తెగిపోయింది.

కళ్ళు తెరిచింది. మట్టిగుట్ట మీద శేషగిరిరావు, ఇంత దూరానికి అగ్గిపుల్లంత మనిషి, రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. అక్కడక్కడా గూళ్ళలోంచి తలకాయలు బయటికొస్తున్నాయి. ఆమె జెండా దించలేదు. దించితే మళ్ళీ కూస్తుందేమోనని భయం, భుజాలు లాగుతున్నా దించలేదు, ఇప్పుడీ చోటుకి ఆనవాలు తనొక్కతే. నేల మీద పడ్డ జెండా నీడ చూసి కొండమ్మ వెనక్కి తిరిగింది. "ఏమే, నువ్వా? నులక పట్టిన పిల్లవి గదూ? సాయిబేడీ?" అంది.

"నీ చేను పటంలో లేదు పెద్దమ్మా!"

"ఆఁ?" కొండమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

మెల్లగా చెప్పడానికి లేదు. చెవిలో చెబుదామంటే జెండా దించి పోవాలి. రత్నం ఊపిరి బిగబట్టి, గొంతు చిరిగిపోయేలా అరిచింది. "నేనే మూసేశా పెద్దమ్మా! నీ చేను పటంలో లేకుండా నేనే మూసేశా! తెలిసే మూసేశా!" ఆ మాట ఎదుటి రాతి ముఖానికి కొట్టుకుని, క్వారీ గోతిలో తిరిగి, గుట్ట మీద శేషగిరిరావు దాకా పోయి, తెలిసే మూసేశా, మూసేశా అంటూ వెనక్కి వచ్చింది. ఆయన ఊపుతున్న చేతులు కిందికి దిగాయి. గూళ్ళ ముందు తలకాయలు కదల్లేదు.

కొండమ్మ మాత్రం అటు డొంక వంక, ఇటు వాగు వంక ఒకసారి చూసుకుంది. ఒడిలో కాయలు సర్దుకుంది. "మూసేస్తే పోద్దా ఏందే చేను? ఏంది నీ అరుపు, ఎదురుగా పెట్టుకుని," అంది. "ముందా కాలు తియ్యి. మొక్క తొక్కుతున్నావు."

రత్నం కాలు తీసి సాళ్ళ మధ్య పెట్టుకుంది. జెండా దించలేదు.